గెలుపు ఫేక్, నడుంనొప్పి నిజం

'ఆ రోజులే వేరు' అనే వ్యాసానికి తెలుగులో ఒక అచ్చు తయారై చాలా కాలమైంది. అమ్మమ్మ ఇల్లు, చందమామ, రేడియో, ఇరానీ చాయ్, సికింద్రాబాద్ వాళ్లమైతే సంగీత్ థియేటర్. ఏ సరుకు పోసినా ఆ అచ్చులోంచి అదే ఆకారంలో బయటికొస్తుంది. ఇప్పుడు ముప్ఫై దాటి నలభై వైపు నడుస్తున్న మా బ్యాచ్‌కి కూడా జ్ఞాపకాలు రాసుకునే వయసు వచ్చేసింది కాబట్టి అందులోకి కొత్త సరుకు వచ్చి పడింది. దాని పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్.

ఈ మధ్య ఇలాంటివి చాలానే చదివాను. 'కేబుల్ టీవీ వచ్చిన కొత్తల్లో' అని మొదలవుతాయి. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలున్నాయన్న పుకారు ఒక పేరా. తమ్ముణ్ణి మంచం మీంచి ఎత్తి పడేసి అమ్మ చేత తన్నులు తినడం ఇంకో పేరా. సరిగ్గా మ్యాచ్ ముదిరే టైముకి కరెంటు పోవడం మరో పేరా. చివర్లో 'ఇప్పటి రెజ్లింగ్‌లో ఆ మజా లేదు, అదొక స్వర్ణయుగం' అని నిట్టూర్పు. కింద కామెంట్లలో అందరూ తమ తమ ట్రంప్ కార్డుల కట్టలు విప్పుతారు.

నాకు ఈ వ్యాసాలతో పేచీ ఉంది. బాగా రాయలేదని కాదు. కొన్ని నిజంగా బాగున్నాయి, ఒకటి రెండు చదివి గట్టిగా నవ్వాను కూడా. పేచీ అంతా ఆ 'స్వర్ణయుగం' అన్న మాటతోనే. ఆ బంగారం ఎవరికి దక్కిందన్న ప్రశ్న ఒక్క వ్యాసంలో కూడా కనపడదు. స్వర్ణయుగం అనేది ఎప్పుడూ చూసినవాళ్లు పెట్టే పేరు. చేసినవాళ్లని అడిగితే ఇంకో పేరేదో చెప్తారు. అసలు వాళ్లని ఎవరూ అడగరు.

*

ట్రంప్ కార్డుల దగ్గరే మొదలుపెడదాం, ఎలాగూ అందరూ అక్కడికే వస్తారు కాబట్టి. లాలాగూడలో మా గల్లీ పిల్లలందరికీ లెక్కలు నేర్పింది ఆ కార్డులే అంటే అబద్ధం కాదు. కార్డు మీద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఎన్ని ఫైట్లు ఆడాడు, ఎన్ని గెలిచాడు అని గడులుండేవి. ఒకడు 'ఛాతీ' అంటాడు, రెండోవాడు తన కార్డు చూసుకుంటాడు, ఎక్కువున్నవాడు రెండు కార్డులూ పట్టుకుపోతాడు. మనుషుల్ని అంకెలుగా చదవడం మాకు అలవాటు చేసింది ఆ ఆటే.

ఆ కార్డులో లేని గడులు గురించి ఇప్పుడు ఆలోచిద్దాం. ఒక రాత్రికి ఎంత ఇచ్చారు? ఎన్నిసార్లు ఆపరేషన్ అయింది? ఆపరేషన్ బిల్లు ఎవరు కట్టారు? ఏ వయసులో ఆడటం ఆపేశాడు? ఏ వయసులో పోయాడు? పిల్లల కార్డు మీద ఇవన్నీ ఎందుకుంటాయి అంటారా, నిజమే, ఉండక్కర్లేదు. కానీ ముప్ఫై ఎనిమిదేళ్లవాడు రాసే వ్యాసంలో కూడా అవే ఏడు గడులుంటే దాన్ని జ్ఞాపకం అనడానికి నాకు మనసొప్పదు. అది కార్డు వెనక్కి తిప్పి చూడకపోవడం.

ఒక్క కార్డు వెనక్కి తిప్పుదాం. బ్రిటిష్ బుల్‌డాగ్. ఆ కట్టలో మంచి కార్డే. అసలు పేరు డేవీ బాయ్ స్మిత్, ఊరు ఉత్తర ఇంగ్లండ్‌లో విగన్ పక్కన గోల్బోర్న్. 1992లో లండన్ వెంబ్లీ స్టేడియంలో బ్రెట్ హార్ట్‌ని ఓడించిన మ్యాచ్ అతని జీవితానికి శిఖరం. 2002లో గుండెపోటుతో చనిపోయాడు. వయసు 39. అంటే ఇప్పుడు అతని గురించి తీపి జ్ఞాపకాలు రాస్తున్నవాళ్ల వయసు.

అంతకుముందు బుల్‌డాగ్స్ ఇద్దరుండేవాళ్లు. రెండోవాడు డేవీ బాయ్ కజిన్, టామ్ బిల్లింగ్టన్, రింగు పేరు డైనమైట్ కిడ్. అతని వేగం చూసి తర్వాతి తరం రెజ్లర్లు ఎంతమంది పాఠాలు నేర్చుకున్నారో లెక్కలేదు. 1986లో జోడీ టైటిల్ గెలిచారు, ఆ ఏడాది చివర్లోనే అతని నడుం దెబ్బతింది. తర్వాత జీవితంలో చాలా ఏళ్లు చక్రాల కుర్చీలో గడిచాయి. 2018లో తన అరవయ్యో పుట్టినరోజు నాడే పోయాడు.

'అదంతా ఫేక్ కదా బ్రో' అనేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ నడుం గురించే చెప్తాను. ఎవరు గెలుస్తారన్నది ముందే రాసుకున్నారు, ఒప్పుకుందాం. పడటం మాత్రం ఎవరూ రాసిపెట్టలేరు, పడాల్సిందే. చెక్క మీద పల్చటి మెత్త, దాని మీద గుడ్డ. వారానికి ఎన్ని రాత్రులు షో ఉంటే అన్ని రాత్రులు వెన్ను దాని మీద పడుతుంది. వెన్నుపూసకి స్క్రిప్టు తెలీదు.

*

ఇద్దరు బుల్‌డాగ్‌లూ వచ్చిన ఇంగ్లండ్‌కి దీంట్లో తనదైన స్వర్ణయుగం ఉంది, దాని మీద బెంగ మనకంటే బాగా ముదిరిపోయి ఉంది. ఆఫీసు పని మీద కొన్నేళ్లు ఉత్తర ఇంగ్లండ్ క్లయింటుతో రోజూ కాల్స్‌లో ఉన్నాను. అక్కడ యాభై దాటిన ఎవర్ని కదిపినా, శనివారం సాయంత్రం నాలుగింటికి నాయనమ్మ పక్కన కూర్చుని చూసిన కుస్తీ గురించి చెప్తారు. ఐటీవీ ఛానెల్ 1955లో మొదలుపెట్టి 1988 దాకా చూపించింది. అందులో ఇరవై ఏళ్లు, 1965 నుంచి 1985 వరకు, 'వరల్డ్ ఆఫ్ స్పోర్ట్' అనే శనివారం కార్యక్రమంలో భాగంగా. కామెంటరీ మొదటి నుంచి చివరిదాకా ఒకే గొంతు, కెంట్ వాల్టన్. రౌండ్లు, మూడు ఫాల్స్‌లో రెండు గెలిస్తే విజయం, మధ్యలో బకెట్టు, తువ్వాలు. విలన్ మిక్ మెక్‌మానస్ మీద ఊగిపోయే ముసలమ్మలు. మా వాడి గొంతులో ఆ ఆనందం వింటుంటే అది లాలాగూడ ఆనందమే అనిపించేది.

అది వాళ్లకి అమాయక కాలం, అమెరికా డబ్బు పాడుచెయ్యని కాలం. ఆ కాలం లెక్కలు మాత్రం ఇలా ఉన్నాయి. 1952లో ప్రమోటర్లంతా కలిసి 'జాయింట్ ప్రమోషన్స్' అని ఒక కూటమి కట్టారు, దేశాన్ని ప్రాంతాలుగా పంచుకున్నారు. టీవీ కూడా వాళ్ల చేతిలోనే. వాళ్లతో పేచీ పెట్టుకున్న రెజ్లర్ టీవీలో కనపడడు. పెద్ద స్టార్ బిగ్ డాడీ, అసలు పేరు షర్లీ క్రాబ్‌ట్రీ. అతన్ని స్టార్‌ని చేసిన ప్రమోటర్ మాక్స్ క్రాబ్‌ట్రీ స్వయానా తమ్ముడు. బిగ్ డాడీ వయసు మీద పడింది, ఒళ్లు భారీ, ఎక్కువసేపు ఆడలేడు. అందుకని జోడీ మ్యాచ్‌లు పెట్టేవాళ్లు. కుర్ర రెజ్లర్ మొదటి నుంచి దెబ్బలన్నీ తింటాడు, చివర్లో బిగ్ డాడీ వచ్చి పొట్టతో గుద్ది గెలుస్తాడు. హాలంతా అతని పేరే అరుస్తుంది. ఇంట్లో మన హీరో సినిమాలు చూసినవాళ్లెవరికైనా ఈ ఏర్పాటు కొత్తగా ఉండదు.

1987లో గ్రేట్ యార్మత్ అనే సముద్రతీరపు ఊళ్లో బిగ్ డాడీ అలా మీద పడిన తర్వాత మాల్ కిర్క్ అనే రెజ్లర్ లేవలేదు. అప్పటికే గుండె జబ్బు ఉందని విచారణలో తేలింది. గుండె జబ్బున్న మనిషి ఆ రాత్రి రింగులో ఎందుకున్నాడన్నదే నా ప్రశ్న. అమాయక కాలం అనే మాటలో దానికి జవాబు లేదు.

*

ఇక్కడ సాహిత్యం చదివిన మిత్రులు రోలాఁ బార్త్‌ని బయటికి తీస్తారు. 1957లో వచ్చిన 'మిథాలజీస్' పుస్తకంలో మొదటి వ్యాసమే కుస్తీ మీద. రెజ్లింగ్ ఆట కాదు, ప్రదర్శన. ఫలితం ముందే నిర్ణయమైందా లేదా అన్నది ప్రేక్షకుడికి అక్కర్లేదు, బాధ, ఓటమి, న్యాయం అనేవి కళ్లముందు పెద్ద అక్షరాల్లో కనపడటమే అతనికి కావాలి. ఇది ఆయన వాదన సారం. గొప్ప వ్యాసం. 'ఫేక్' అని మూతి విరిచేవాళ్లకి అంతకంటే మంచి జవాబు ఇంకా రాలేదు.

కానీ బార్త్ కూర్చున్నది కూడా ప్రేక్షకుడి కుర్చీలోనే. ఆయన వర్ణించే యాభై ఏళ్ల, ఒళ్లు వదులైపోయిన రెజ్లర్ ఆయనకి నీచత్వాన్ని చూపించే ఒక సంకేతం. యాభై ఏళ్లొచ్చినా ఆ మనిషి ఇంకా ఎందుకు రింగు ఎక్కుతున్నాడన్నది వ్యాసం విషయం కాదు. శరీరాన్ని సంకేతంగా చదవడం నేర్చుకున్నాక దాన్ని శరీరంగా చూడటం కొంచెం కష్టమవుతుంది. మన విమర్శకి కూడా ఉన్న జబ్బు ఇదే.

నిజానికి తెలుగులో మనకి దీనికి విరుగుడు ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాల గురించి ఎవరు రాసినా రెండు విషయాలు రాస్తారు. ఒకటి, మాయాబజార్‌లో ఆ మాయలు ఎంత బాగా చూపిస్తారో. రెండు, ఆ కళాకారులు ఎలా బతుకుతున్నారో. రెండోది రాయకపోతే వ్యాసం పూర్తయినట్టు మనకే అనిపించదు. ఘటోత్కచుడు నిజంగా గాల్లో ఎగరలేదని తెలుసు కాబట్టి సురభిని ఫేక్ అనం. తాడు పట్టుకున్నవాడి గురించి కూడా అడుగుతాం. అదే మర్యాద రెజ్లర్‌కి ఎందుకు దొరకదు? 'ఫేక్' అనేవాడూ, 'స్వర్ణయుగం' అనేవాడూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తారు గానీ ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే పార్టీ. ఇద్దరికీ తాడు కనపడదు.

మన సొంత బలశాలుల్ని కూడా ఇలాగే గుర్తుపెట్టుకున్నాం. కోడి రామమూర్తి అనగానే ఛాతీతో తెంపిన గొలుసు, గుండెల మీద ఎక్కించుకున్న ఏనుగు, 'ఇండియన్ హెర్క్యులిస్' బిరుదు చెప్తారు. చివరి రోజుల్లో ఆయన కాలు తీసేయాల్సి వచ్చిందన్నది కూడా కథగానే చెప్తారు, మత్తు మందు వద్దన్నాడట అని. నొప్పి కూడా ఒక ఫీటు అయిపోయింది. ఆయన 1942లో పోయాడు. విగ్రహాలున్నాయి. ఆ సర్కస్‌లో ఆయన కింద పనిచేసిన మనుషుల ఊసే ఎక్కడా లేదు.

*

'ఫేక్' సంగతి బయటపడ్డ తీరు ఇంకా తమాషాగా ఉంటుంది. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్లే న్యూజెర్సీ సెనేట్ ముందు ఇది వినోదమే, పోటీ క్రీడ కాదని ఒప్పుకున్నారు. సత్యం మీద ప్రేమ పుట్టి కాదు. పోటీ క్రీడ అయితే ప్రభుత్వ అథ్లెటిక్ కమిషన్ పర్యవేక్షణ ఉంటుంది, ఫీజులు కట్టాలి. వినోదం అయితే ఆ బాధ లేదు. రెజ్లర్లు మాత్రం ఉద్యోగులు కాదు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు. అంటే కమిషన్ ముందు క్రీడ కాదు, జీతాల దగ్గర ఉద్యోగం కాదు. ఇంత తెలివైన స్క్రిప్టు రింగులో ఎప్పుడూ చూడలేదు.

1999 మే నెలలో కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్‌ని పైకప్పు నుంచి తాడుతో దింపుతుంటే జారి పడి చనిపోయాడు. షో ఆగలేదు, మిగతా మ్యాచ్‌లు జరిగాయి. ఆ వార్త మా గల్లీ దాకా వచ్చేసరికి ట్యూషన్ మెట్ల మీద పెద్ద చర్చ. నిజంగా పోయాడా, స్టోరీనా? పదేళ్ల పిల్లలకి ఆ అనుమానం రావడంలో వింతేం లేదు, వాళ్లకి అమ్మింది ఆ అనుమానాన్నే. మా వ్యాసకర్తలు 'అటిట్యూడ్ ఎరా' అని పొగిడే సంవత్సరాలు సరిగ్గా ఇవి. ఓవెన్ పేరు వాటిల్లో చాలా అరుదుగా వస్తుంది.

ఇంకోటి కూడా రాదు. ఆ వేదిక మీద మనల్ని ఏ వేషంలో నిలబెట్టారన్నది. విదేశీయుణ్ణి రాక్షసుణ్ణి చేయడం ఆ వ్యాపారంలో పాత పద్ధతి. బ్రిటిష్ టీవీలో కెండో నాగసాకి అనే ముసుగు సమురాయ్ ఒక ఇంగ్లిష్‌వాడు. అమెరికాలో జపాన్ సుమో వీరుడుగా చెలామణి అయిన యోకోజూనా సమోవా కుటుంబం వాడు. 2006లో మనవాడు గ్రేట్ ఖలీ వచ్చాడు. పంజాబ్ పోలీసుల్లో పనిచేసిన దలీప్ సింగ్ రాణా. మాటలు రాని భూతంలా నిలబెట్టారు, తర్వాత జోకర్‌ని చేశారు. అప్పుడు ఇంజినీరింగ్ హాస్టల్ టీవీ రూములో 'మనోడు, మనోడు' అని ఈలలు మోగాయి. పదేళ్లయ్యాక దాన్ని తలుచుకునేటప్పుడైనా ఆ వేషం ఎవరు కుట్టారో చూడాలి కదా.

*

'చిన్నప్పటి సంతోషం రాసుకుంటుంటే నువ్వు కార్మిక చట్టాలు తీస్తావేంట్రా' అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జ్ఞాపకం కోర్టు కాదు, ప్రతి సంతోషానికీ రసీదు చూపించక్కర్లేదు. కానీ నోస్టాల్జియా మనసులో ఊరికే పడి ఉండే వస్తువు కాదు. దాన్ని కొనేవాళ్లున్నారు, ప్యాక్ చేసి మళ్లీ మనకే అమ్ముతారు.

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. సికింద్రాబాద్ నుంచి నలుగురం వెళ్లాం. చుట్టూ మా వయసువాళ్లే. మెడలో పొద్దున ఆఫీసు ట్యాగులు తీయనివాళ్లు, భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్నవాళ్లు. జాన్ సీనా ఇండియాలో మ్యాచ్ ఆడటం అదే మొదటిసారి, అతను బయటికి రాగానే పిల్లలకంటే తండ్రులే ఎక్కువ అరిచారు. నేనూ అరిచాను, అందులో దాచేదేం లేదు, గొప్పగా ఉండింది.

అదే రాత్రి శాంకీ అనే హర్యానా కుర్రాడు గుంథర్ అనే ఛాంపియన్‌తో టైటిల్ మ్యాచ్ ఆడాడు. ఏడడుగుల మనిషి. ఓడిపోయాడు, ఓడిపోవాలి కాబట్టి. అయినా హాలంతా అతని వైపే ఉంది. నాలుగు రోజులకి కంపెనీ విలీనం పూర్తయింది, టీకేఓ అని కొత్త పేరుతో షేర్ మార్కెట్లోకి వచ్చింది. అదే నెల 21న తీసేసిన రెజ్లర్ల జాబితా బయటికొచ్చింది. అందులో శాంకీ పేరుంది. మేము 'ఇండియా, ఇండియా' అని అరిచి పదమూడు రోజులు.

వాళ్ల భాషలో దాన్ని 'రిలీజ్' అంటారు. ఈ ఊళ్లో ఐటీ చేసేవాళ్లకి ఆ మాట వింటే వేరే అర్థం తడుతుంది. ప్రాజెక్టు నుంచి రిలీజ్, తర్వాత బెంచి, తర్వాత హెచ్ఆర్‌తో పదిహేను నిమిషాల కాల్. ఆ ఏడాది మా టీంలో కూడా రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఒకతనికి ఇంటి లోను మొదలై ఆరు నెలలు. ఆఖరి రోజు అందరం పారడైజ్‌లో బిర్యానీ తిన్నాం, ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీలేదు.

రేపు ఎవరో హైదరాబాద్ ఐటీ స్వర్ణయుగం గురించి రాస్తారు. రాయకపోతే చూడండి. క్యాబులు, ఫుడ్ కోర్టు, ఆన్‌సైట్ కబుర్లు, వీకెండ్ ట్రెక్కులు, అన్నీ వస్తాయి. అందులో మెడనొప్పి ఉంటుందా? నైట్ షిఫ్టు ఉంటుందా? ఆ పదిహేను నిమిషాల కాల్ ఉంటుందా? మనం రెజ్లర్లని గుర్తుపెట్టుకుంటున్న తీరులోనే మనల్ని కూడా గుర్తుపెట్టుకుంటే ఒప్పుకుంటామా? నాకైతే కుదరదు.

*

మా అమ్మమ్మ వాళ్లది బోధన్ వైపు. ఆ చుట్టుపక్కల, కామారెడ్డి దాకా, జాతర అంటే ఇప్పటికీ కుస్తీ పోటీలుంటాయి. మొదట పిల్లల కొబ్బరికాయ కుస్తీ, గెలిచినవాడికి కొబ్బరికాయ. మెల్లగా బహుమానం పెరుగుతూ పోతుంది, ఆఖరి కుస్తీకి తులాల లెక్కన వెండి కడెం. ఏ కుస్తీకి ఎంతో మైకులో ముందే చెప్తారు. గెలిచిన పహిల్వాన్ మట్టి ఒంటితోనే జనం మధ్య ఒక చుట్టు తిరుగుతాడు, ఇష్టమైనవాళ్లు చేతిలో నోటు పెడతారు.

అది స్వర్ణయుగమని నేను అనట్లేదు, అక్కడ చెయ్యి విరిగినవాడికి ఇన్సూరెన్స్ ఏమీ లేదు. ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. చూసేవాడికి ఆ ఒంటికి కడుతున్న వెల తెలుసు. అది కొబ్బరికాయ అయినా, కడెం అయినా. నోటు పెట్టేటప్పుడు ఆ మట్టి మన చేతికి కూడా అంటుతుంది.

కాబట్టి రాయండి. అండర్‌టేకర్ ఏడు ప్రాణాల గురించి రాయండి, అమ్మ తన్నుల గురించి రాయండి, నేను తప్పకుండా చదువుతాను. ఆ వ్యాసంలో ఒక్క పేరా డైనమైట్ కిడ్ నడుంకి కూడా ఇవ్వండి. ఏడు గడుల కింద ఎనిమిదో గడి ఒకటి గీసి, అందులో ఆ మనిషికి ఏం దక్కిందో రాయండి. అది కూడా నింపాక స్వర్ణయుగం అన్న మాట మీ చేత్తోనే రాయగలిగితే, అప్పుడు నాకేం పేచీ లేదు.